గుమ్మడికాయ క్విక్ బ్రెడ్ ఇంట్లో చేయడం: గుజ్జు చిక్కదనం నుంచి కోత దాకా

గుమ్మడికాయ బ్రెడ్ కుదరలేదంటే ముందు అనుమానించాల్సింది గుజ్జునే. పచ్చి గుమ్మడికాయ బరువులో 90 శాతానికి పైగా నీరే ఉంటుంది. ఉడికించి మెత్తగా రుబ్బినంత మాత్రాన ఆ నీరు ఎక్కడికీ పోదు, నేరుగా పిండిలోకి వస్తుంది. ఆ తర్వాత అడుగున జిగట పొరగానో, నడుమ గుంటగానో బయటపడుతుంది. పైన చక్కగా ఎర్రబడి లోపల పచ్చిగా మిగిలిపోయే బ్రెడ్ల వెనక కూడా చాలాసార్లు ఉండేది ఈ నీరే. అందుకే ఇక్కడ గుజ్జు గురించి కాస్త ఎక్కువగానే చెప్పాల్సి వస్తుంది. అది సరిగ్గా ఉంటే కలపడం, కాల్చడం కష్టమైన పనులు కావు.

క్విక్ బ్రెడ్‌లో ఈస్ట్ ఉండదు. పిండి పులియాలని గంటలకొద్దీ ఆగక్కర్లేదు, పిసకక్కర్లేదు. బేకింగ్ సోడా, బేకింగ్ పౌడర్ విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్ పిండిని పైకి లేపుతుంది. పేరుకు బ్రెడ్డే గానీ కోసి చూస్తే కేకుకే దగ్గరి చుట్టం. గుజ్జు సిద్ధంగా ఉంటే, పని మొదలుపెట్టాక పిండి టిన్‌లో పడటానికి ఇరవై నిమిషాలు చాలు, ఓవెన్‌లో ఓ గంట.

కావలసినవి

కింది కొలతలు 21.5 × 11.5 సెంటీమీటర్ల లోఫ్ టిన్‌లో ఒక బ్రెడ్‌కు సరిపోతాయి.

మైదా 210 గ్రాములు
బేకింగ్ సోడా ముప్పావు టీస్పూన్ (సుమారు 4 గ్రాములు)
బేకింగ్ పౌడర్ 1 టీస్పూన్ (సుమారు 4 గ్రాములు)
ఉప్పు అర టీస్పూన్
దాల్చిన చెక్క పొడి ఒకటిన్నర టీస్పూన్
శొంఠి పొడి అర టీస్పూన్
జాజికాయ పొడి పావు టీస్పూన్
లవంగాల పొడి చిటికెడు
నీరు తీసిన గుమ్మడి గుజ్జు 240 గ్రాములు
బ్రౌన్ షుగర్ 100 గ్రాములు
పంచదార 90 గ్రాములు
గుడ్లు 2 (పెంకు తీశాక సుమారు 100 గ్రాములు)
వాసన లేని వంటనూనె 110 గ్రాములు, అంటే 120 మిల్లీలీటర్లు
చిక్కటి పుల్ల పెరుగు 60 గ్రాములు
వెనిల్లా ఎసెన్స్ 1 టీస్పూన్
వాల్‌నట్ పలుకులు 75 గ్రాములు (ఇష్టమైతేనే)

వీలైతే అన్నీ తూకం వేసుకోండి. ముఖ్యంగా మైదా. చెంచాతో వదులుగా పోసి పైన చదును చేస్తే కప్పుకు 120 గ్రాములు పడుతుంది. అదే కప్పును డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా పోతుంది. ఒకటిముప్పావు కప్పుల పిండికి ఈ తేడా 50 గ్రాములు దాటుతుంది. బ్రెడ్ గట్టిపడి పొడిపొడిగా రాలడానికి అది చాలు. సోడా, మసాలా పొడుల వంటి చిన్న కొలతలకు మాత్రం తలకొట్టిన టీస్పూనే నమ్మకం. ఇంట్లో వాడే మామూలు తక్కెడ 4 గ్రాములను కచ్చితంగా చూపించలేదు.

కాయ ఎంపిక

కావాల్సింది తీపి గుమ్మడి, లోపల కండ నారింజ రంగులో ఉండేది. బూడిద గుమ్మడి ఇందుకు పనికిరాదు. తీపి గుమ్మడిలోనూ కండ గట్టిగా, ముదురు రంగులో, పీచు తక్కువగా ఉన్నదాన్ని చూసి తీసుకోండి. అలంకరణ కోసం పెంచే పెద్ద పెద్ద కాయల్లో పీచు, నీరు ఎక్కువ, రుచి తక్కువ. సొరకాయ ఆకారంలో ఉండే బటర్‌నట్ రకం దొరికితే మొహమాటం లేకుండా వాడేయండి. మామూలు గుమ్మడి కన్నా గుజ్జు నున్నగా, తియ్యగా వస్తుంది. కోసిన ముక్క కొంటే కోత మీద తేమ కారుతూ, గింజల చుట్టూ పీచు వదులైపోయి ఉన్నదాన్ని వదిలేయండి.

తొక్క, గింజలతో కలిపి కిలో కాయకు నీరు తీసిన గుజ్జు 400 గ్రాముల పైచిలుకు రావచ్చు. నీరు ఎక్కువున్న కాయైతే ఇంకా తగ్గుతుంది. ఒక బ్రెడ్‌కు కనీసం 700 గ్రాముల ముక్క తీసుకుంటే కొరత రాదు.

గుజ్జు తయారీ

ఉడకబెట్టడం కన్నా ఓవెన్‌లో కాల్చడమే మేలు. నీళ్లలో ఉడికించిన ముక్క ఉన్న నీరు చాలదన్నట్టు ఇంకాస్త పీల్చుకుంటుంది, రుచిని కొంత ఆ నీళ్లకే వదిలేస్తుంది. కాయను రెండుగా కోసి, గింజలూ పీచూ గీకేసి, కోసిన వైపు కిందికి వచ్చేలా ట్రేలో బోర్లించండి. 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 45 నుంచి 60 నిమిషాలు కాల్చండి. చాకు మొన తొక్క మీద నుంచి అడ్డులేకుండా దిగాలి. ట్రేలో ఊరిన నీరు పారబోసి, ఆవిరి పోయేలా ఓ పావుగంట వదిలేస్తే తొక్క చేతికే ఊడి వస్తుంది. ఓవెన్ ఖాళీ లేకపోతే ఆవిరి మీద ఉడికించినా ఫర్వాలేదు, వడకట్టే పని మాత్రం కాస్త పెరుగుతుంది.

కండను మిక్సీలో నున్నగా రుబ్బండి. గరిటెతో చిదిమితే పీచు మిగిలి బ్రెడ్‌లో దారాల్లా తగులుతుంది. రుబ్బిన గుజ్జును పలచటి గుడ్డ పరిచిన జల్లెడలో వేసి, కింద గిన్నె పెట్టి గంటసేపు వదలండి. చివర్లో గుడ్డను మూట కట్టి మెల్లగా పిండండి.

చాలిందో లేదో చూడటానికి ఒక చెంచా గుజ్జును పళ్లెంలో పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. ముద్ద పెట్టినట్టే నిలబడి, చుట్టూ నీటి చెమ్మ జారకుండా ఉంటే సరే. చుట్టూ నీటి వలయం కనిపిస్తే ఇంకా తీయాలి. మొండిగా నీరు వదలని గుజ్జును వెడల్పాటి బాణలిలో మధ్య మంట మీద కలుపుతూ ఇగరబెట్టండి. ఎంత ఇగిరిందో కంటితో అంచనా వేయడం కష్టం, అందుకని బాణలి ఖాళీ బరువు ముందే రాసి పెట్టుకోండి. 300 గ్రాముల గుజ్జుతో మొదలుపెట్టి, బాణలి బరువు తీసేయగా 240 మిగిలేదాకా ఇగరబెడితే 60 గ్రాముల నీరు పోయినట్టు. మనం వేసే పెరుగు మొత్తం బరువు కూడా 60 గ్రాములే. పలుచటి గుజ్జు వేయడమంటే వంటకంలో లేని ఇంకో 60 గ్రాముల ద్రవాన్ని కళ్లు మూసుకుని కలిపేయడమే.

ఇగరబెట్టడంలో ఇంకో లాభం కూడా ఉంది. దించే ముందు చివరి నిమిషంలో మసాలా పొడులన్నీ గుజ్జులోనే వేసి కలిపితే వాటి పరిమళం బాగా విప్పుకుంటుంది, గుమ్మడి పచ్చి వాసన కూడా పోతుంది. చిక్కగానే ఉన్న గుజ్జుకైనా ఈ రెండు నిమిషాల వేడి చూపించడం మంచిదే. తర్వాత గుజ్జును పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద గుడ్లు కొడితే అక్కడక్కడా ఉడికి పలుకులు కడతాయి.

డబ్బా గుజ్జు వాడేవారు ఒక్కటి చూసుకోవాలి. డబ్బా మీద పదార్థాల జాబితాలో గుమ్మడి తప్ప మరేమీ ఉండకూడదు. ‘పంప్‌కిన్ పై ఫిల్లింగ్’ (‘పై’ అనే తీపి వంటకంలో నింపే మిశ్రమం) పేరుతో దొరికేదాంట్లో చక్కెర, మసాలాలు ముందే కలిసి ఉంటాయి, అది వేస్తే ఈ కొలతలన్నీ తప్పుతాయి. డబ్బా గుజ్జు సాధారణంగా చిక్కగానే ఉంటుంది, వడకట్టక్కర్లేదు. 425 గ్రాముల డబ్బాలో 240 వాడగా మిగిలింది ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు.

సోడా ఎందుకు, పౌడర్ ఎందుకు

సోడా పనిచేయాలంటే పులుపు తోడవ్వాలి. గుమ్మడిలో ఉన్న ఆమ్లం స్వల్పం, బ్రౌన్ షుగర్‌లో ఉన్నదీ అంతంతే. అందుకే పుల్ల పెరుగు. పెరుగు మానేసి పాలో నీళ్లో పోసి సోడా అలాగే ఉంచితే, పులుపు దొరకని సోడా ఓవెన్ వేడికి విడిపోయి సోడియం కార్బొనేట్‌గా మిగులుతుంది. నాలుక మీద సబ్బులాంటి చేదు దానిదే. పెరుగు లేనప్పుడు సోడా పావు టీస్పూన్‌కు తగ్గించి బేకింగ్ పౌడర్ రెండు టీస్పూన్లు వేయండి. సోడా పౌడర్ కన్నా మూడు నాలుగు రెట్లు బలమైనది కాబట్టి ఒకదాని బదులు ఇంకోటి అదే కొలతలో వేయడం కుదరదు. సోడా వల్ల బ్రెడ్ త్వరగా ఎర్రబడుతుంది కూడా. పౌడర్ ఎక్కువ, సోడా తక్కువ వేసిన బ్రెడ్ కాస్త పాలిపోయి కనిపిస్తే కంగారు పడకండి.

పాత డబ్బా అయితే ముందే పరీక్షించండి. చెంచాడు బేకింగ్ పౌడర్ మీద వేడి నీళ్లు పోస్తే బుసబుస పొంగాలి. సోడాను నిమ్మరసంతో చూడాలి. మందకొడిగా బుడగలు వస్తే పారేయండి. రెండు రెట్లు వేసి సరిపెట్టాలని చూస్తే రుచి చెడుతుంది.

కలపడం

ఓవెన్‌ను 175 డిగ్రీల సెల్సియస్‌కు పెట్టి కనీసం పావుగంట ముందే వేడెక్కనివ్వండి. గాలి తిప్పే ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 160 చాలు. టిన్‌కు నూనె రాసి, రెండు పొడవు వైపులా అంచు పైకి వచ్చేలా బేకింగ్ పేపర్ పరవండి. ఆ అంచులు పట్టుకుని బ్రెడ్‌ను తేలిగ్గా పైకి తీయొచ్చు. గుడ్లు, పెరుగు ఫ్రిజ్‌లోంచి గంట ముందే తీసి ఉంచండి. చల్లటి పిండి ఓవెన్‌లో వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది, ఈలోగా అంచులు ఎండిపోతాయి.

మైదా, సోడా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి జల్లించండి. గుజ్జులో మసాలాలు వేయకపోతే వాటినీ ఇక్కడే కలపండి. జల్లించడం ఇక్కడ మొక్కుబడి పని కాదు. సోడా ఉండ ఒక్కటి మిగిలినా అది ఎవరి ముక్కలోనో చేదుగా తగులుతుంది.

వేరే గిన్నెలో గుడ్లు, రెండు రకాల చక్కెర వేసి విస్క్‌తో ఒక నిమిషం గిలక్కొట్టండి. నూనె సన్నటి ధారగా పోస్తూ కలపండి. తర్వాత గుజ్జు, పెరుగు, వెనిల్లా. నూనె విడిగా తేలకుండా అంతా ఒకటయ్యేదాకా ఎంతసేపు కలిపినా నష్టం లేదు, ఇందులో ఇంకా మైదా లేదు కాబట్టి.

మైదా పడిన తర్వాతే చేతిని అదుపులో పెట్టుకోవాలి. తడి తగిలిన మైదాను ఎంత తిప్పితే అందులోని గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ అంత సాగుతుంది. అప్పుడు బ్రెడ్ రబ్బరులా నములుడు పడుతుంది, కోసినప్పుడు కింది నుంచి పైకి సొరంగాల్లాంటి పొడవాటి రంధ్రాలు కనిపిస్తాయి. పొడి మిశ్రమాన్ని తడిలో వేసి, విస్క్ పక్కన పెట్టి, వెడల్పాటి గరిటెతో అడుగు నుంచి పైకి మడుస్తూ కలపండి. పదిహేను ఇరవై మడతలు చాలు. పొడి పిండి చారలు కనుమరుగవుతుండగానే ఆపేయండి. చిన్న ఉండలు ఒకటి రెండు ఉంటే ఓవెన్‌లో అవే కరిగిపోతాయి, కానీ గిన్నె అడుగున పేరుకున్న పొడి పిండిని మాత్రం వదలకండి. వాల్‌నట్ పలుకులు వేసేట్టయితే ముందుగా 175 డిగ్రీల దగ్గర 8 నిమిషాలు వేయించి చల్లార్చి, చివరి రెండు మూడు మడతల్లో కలపండి. వాటికి మైదా పట్టించాలని చాలా చోట్ల చెబుతారు. ఈ పిండి చిక్కదనానికి ఆ అవసరం లేదు, పలుకులు అడుగుకు దిగవు.

గరిటెతో ఎత్తితే పిండి ధారగా కారకూడదు, బరువుగా ముద్దలు ముద్దలుగా జారాలి. ధారగా కారిందంటే గుజ్జులో నీరు మిగిలిందనే. ఆ దశలో రెండు టేబుల్ స్పూన్ల మైదా వేసి గట్టెక్కొచ్చు, అంతకు మించి వేస్తే బ్రెడ్ బరువెక్కుతుంది.

కాల్చడం

కలిపిన పిండిని వెంటనే టిన్‌లోకి మార్చండి. సోడా, పెరుగు కలిసిన క్షణం నుంచే గ్యాస్ బయటికి పోతుంటుంది. అరగంట గట్టు మీద ఉంచిన పిండి అంత బాగా లేవదు. టిన్ మూడింట రెండు వంతులకు మించి నిండకూడదు. 23 × 13 సెంటీమీటర్ల పెద్ద టిన్ అయినా ఇదే కొలత నడుస్తుంది, బ్రెడ్ ఎత్తు తగ్గి ఐదు పది నిమిషాలు ముందే కాలుతుంది. గాజు పాత్ర అయితే వేడి ఓ 15 డిగ్రీలు తగ్గించండి, లేకపోతే నడుమ ఉడికేలోగా అంచులు మాడతాయి.

ఓవెన్ మధ్య అరలో 55 నుంచి 65 నిమిషాలు పడుతుంది. మొదటి 40 నిమిషాలు తలుపు తీయకండి. అప్పటిదాకా నడుమ పిండి గట్టిపడదు, చల్లగాలి తగిలితే కుంగిపోతుంది. తర్వాత చూసినప్పుడు పైభాగం బాగా ఎర్రబడి ఉంటే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పి మిగతా సమయం కానివ్వండి.

కాలిందో లేదో తెలుసుకోవడానికి పుల్ల గుచ్చే పద్ధతి ఉంది కానీ ఈ బ్రెడ్‌కు అది సగమే నమ్మకం. పైనున్న పగులులో గుచ్చితే పుల్లకు తడి అంటొచ్చు, పక్కన గుచ్చితే శుభ్రంగా రావచ్చు. పగులుకు కాస్త పక్కగా, నడుమ దాకా గుచ్చండి. తడి పొడి పలుకులు ఒకటి రెండు అంటుకుంటే సరే, పచ్చి పిండి అంటితే ఇంకో ఐదు నిమిషాలు. వంటలో వాడే థర్మామీటర్ ఉంటే ఈ గోలే ఉండదు. నడుమ 95 డిగ్రీలు చూపించగానే తీసేయండి. 90 దగ్గరే తీస్తే చల్లారుతూ గుంట పడుతుంది.

పైన పగులు రావడం లోపం కాదు. పైపొర ముందుగా గట్టిపడి, లోపల పిండి తర్వాత లేచి దాన్ని చీలుస్తుంది. ఆ చీలిక వంకరటింకరగా కాకుండా తిన్నగా రావాలంటే ఓవెన్‌లో పెట్టే ముందు పిండి మీద పొడవునా మెత్తటి వెన్నతో సన్నటి గీత గీయండి.

చల్లార్చడం, కోయడం

టిన్‌లోనే 10 నుంచి 15 నిమిషాలు ఉంచి, పేపర్ అంచులు పట్టుకుని జాలీ మీదికి తీయండి. టిన్‌లోనే వదిలేస్తే ఆవిరి బయటికి పోయే దారి లేక అడుగు, పక్కలు చెమర్చి తడిసిపోతాయి. కోయడానికి కనీసం రెండు గంటలు ఆగాలి. వేడి మీద కోస్తే నడుమ జిగటగా అనిపించి, కాలలేదేమోనన్న అనుమానం అనవసరంగా పుడుతుంది. అసలు ఈ బ్రెడ్ రుచి మర్నాటికే నిండుగా వస్తుంది. ఆత్రం ఆపుకోగలిగితే పూర్తిగా చల్లారాక చుట్టి ఒక రాత్రి ఉంచి, రంపపు పళ్ల చాకుతో కోయండి.

తేడా వస్తే

అడుగున వేలెడు మందాన జిగట పొర కనిపిస్తే గుజ్జు పలచగా ఉంది, లేదా ముందే తీసేశారు. రెండూ కలిసి కూడా జరగొచ్చు. నడుమ గుంట పడటానికి ఈ కారణాలకు తోడు సోడా లేదా పౌడర్ ఎక్కువవడం ఒకటి. పిండి తన బలానికి మించి లేచి, నిలబడలేక కూలుతుంది. గుంట ఉన్నా 95 డిగ్రీలు చూశాకే తీశారంటే వేడి తప్పు కాదు, సోడా కొలత చూడండి. మొత్తం బ్రెడ్ పొట్టిగా, దిట్టంగా వస్తే పాత సోడా, ఎక్కువ మైదా, ఎక్కువ కలపడం... వీటిని ఈ వరుసలోనే అనుమానించండి.

అంతా సరిగ్గా చేసినా ప్రతిసారీ నడుమ పచ్చిగా ఉండి పైన మాడుతోందంటే ఓవెన్ డయల్ అబద్ధం చెబుతుండొచ్చు. లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఆ సంగతి తేల్చేస్తుంది. ఇళ్లలో ఓవెన్లు పది ఇరవై డిగ్రీలు అటూ ఇటూ చూపించడం మామూలే.

మార్పులు చేర్పులు

చక్కెర తగ్గించాలని అందరికీ ఉంటుంది. 190 గ్రాముల నుంచి 150 దాకా తగ్గించినా బ్రెడ్ తట్టుకుంటుంది. అంతకన్నా దిగితే తీపి ఒక్కటే కాదు, మెత్తదనం కూడా పోతుంది, ఎందుకంటే తేమను పట్టి ఉంచేది చక్కెరే. బ్రౌన్ షుగర్ లేకుంటే మొత్తం పంచదారే వేయొచ్చు, రంగు, ఘాటు కాస్త తగ్గుతాయి.

నూనె బదులు కరిగించిన వెన్న వేస్తే రుచి బాగుంటుంది. కానీ చల్లారాక వెన్న గడ్డకడుతుంది కాబట్టి మర్నాటికి బ్రెడ్ కొంచెం బిగుస్తుంది. మూడు రోజులు మెత్తగా ఉండాలంటే నూనెకే ఓటు. సగం మైదా తీసి గోధుమ పిండి వేసేట్టయితే ఒక టేబుల్ స్పూన్ పెరుగు అదనంగా కలపండి. మొత్తం గోధుమ పిండితో చేస్తే బరువుగా వస్తుంది, తెలిసి చేసుకుంటే ఇబ్బంది లేదు.

గుడ్లు లేకుండా చేయాలంటే ఒక్కో గుడ్డుకు 1 టేబుల్ స్పూన్ అవిసె గింజల పొడిని 3 టేబుల్ స్పూన్ల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి వాడండి. ఎత్తు తగ్గుతుంది, కాలడానికి ఇంకో 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. ఇలా చేసేటప్పుడు గుజ్జు చిక్కదనం విషయంలో అసలు రాజీ పడకూడదు, పిండిని పట్టి నిలబెట్టే గుడ్డు లేదు కదా. ఇదే పిండితో 12 మఫిన్లు వస్తాయి. 180 డిగ్రీల దగ్గర 18 నుంచి 22 నిమిషాలు.

నిల్వ

పూర్తిగా చల్లారాక గాలి చొరకుండా చుట్టి బయట ఉంచితే రెండు మూడు రోజులు బాగుంటుంది. ఉక్కపోత రోజుల్లో రెండో రోజు దాటితే బూజు పట్టే అవకాశం ఎక్కువ, ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఫ్రిజ్‌లో వారం దాకా నిలుస్తుంది కానీ చల్లదనానికి పిండి పదార్థం త్వరగా బిరుసెక్కుతుంది, తినేముందు ముక్కను కాస్త వేడి చేసుకోండి. ఎక్కువ రోజులు దాచాలంటే ముక్కలు కోసి, ఒక్కోదాన్నీ విడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెడితే మూడు నెలలు రుచి చెడదు.

మిగిలిన గుజ్జును 240 గ్రాముల చొప్పున సంచుల్లో వేసి పలచగా పరిచి ఫ్రీజ్ చేయండి. కరిగించినప్పుడు మళ్లీ నీరు వదులుతుంది, ఆ నీరు వంపేసి, పళ్లెంలో చెంచాడు పెట్టి మళ్లీ చూసుకున్నాకే వాడండి. గుజ్జును సీసాల్లో నింపి, మూత బిగించి, బయట అరలో నిల్వ చేయడం మాత్రం వద్దు. గుమ్మడిలో ఆమ్లం తక్కువ, గుజ్జు చిక్కన. ఎంత మరిగించినా సీసా నడుమ దాకా వేడి చేరిందని ఇంట్లో చెప్పలేం. గాలి చొరని అలాంటి సీసాలో బొటులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బు కలిగించే బ్యాక్టీరియా పెరగొచ్చు, వాసనలో గానీ రంగులో గానీ తేడా తెలియకపోవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టిన గుజ్జునైనా మూడు నాలుగు రోజుల్లో వాడేయండి.